ఎన్నటికీ మాడని బల్బులు

మీ వాకిట్లో వెలిగే ఉమ్మడి దీపం ఆరిపోతే దాన్ని మార్చేదెవరో మీకు తెలుసా? పేరు అడగడం లేదు, ముఖమైనా గుర్తుపట్టగలరా? నూటికి తొంభైమంది గుర్తుపట్టలేరు. దీపం వెలుగుతున్నన్నాళ్ళూ దాని వెనక ఒక మనిషి ఉంటుందన్న సంగతి ఎవరికీ తోచదు. అది ఆరిన మరుక్షణం మాత్రం ఆ మనిషి ఎక్కడికి పోయిందంటూ వీధి వీధంతా కేకలు వేస్తుంది.

నాలుగు మేడల నడుమ చదరంగా పరుచుకున్న ఆ వాకిలిలో మాత్రం ఆమె ఎవరో చంటిపిల్లలకు కూడా తెలుసు. అందరికీ ఆమె కరెంటు పిన్ని. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పొట్టి, మహా చురుకు. కొప్పులో పువ్వు ఉండవలసిన చోట టెస్టరు ఉంటుంది. మెట్ల కింద మీటరు గది, దాన్ని ఆనుకున్న ఒంటి గదిలో ఆమె కాపురం. సందె వెలుతురు సన్నగిల్లగానే ఆమె మీటరు గది తలుపు తీసి పెద్ద స్విచ్చును పైకి నెడుతుంది. ప్రహరీ గోడ మీద, మేడల బయటి మెట్ల పక్కన, పంపు దగ్గర, గేటు పైన, మొత్తం ఇరవై నాలుగు బల్బులు ఒక్కసారిగా వెలుగుతాయి. గడిచిన ఇరవై ఆరేళ్ళలో వాటిలో ఎన్ని మాడిపోయాయో చెప్పమంటే వాకిలివాళ్ళకు ఒక చేతి వేళ్ళు సరిపోతాయి.

"మా పిన్ని చెయ్యి పడిందంటే బల్బుకు చావు లేదండీ!" అని సంఘం కార్యదర్శి, వాకిలివాళ్ళు లెక్కల మాస్టారని పిలిచే పెద్దాయన, ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవారు. చుట్టాలు బయటికి వచ్చి, తల పైకెత్తి, ఆ ఎర్రని మిణుకును చూసి, "ఔరా!" అనేవారు.

ఆ పేరు ఎలా వచ్చిందో పిన్నికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఆమె భర్త అక్కడే వైర్‌మన్‌గా ఉండేవాడు. తొమ్మిదేళ్ళపాటు ఆయన నిచ్చెన ఎక్కితే ఆమె కింద పట్టుకుంది. పట్టుకుని ఊరుకోలేదు, తల పైకెత్తి చూస్తూ ఆయన చేతుల్లోంచి పనంతా లాగేసుకుంది. ఆయన జబ్బు చేసి పోయాక, ఈ పని నేనే చేస్తానని సంఘం ముందు నిలబడింది. ఆడమనిషి నిచ్చెన ఎక్కడమేమిటని కొందరు నవ్వారు, కొందరు నొసలు చిట్లించారు. చివరికి, "సరే, నెల రోజులు చూద్దాం" అన్నారు. నెల రోజులు! భర్తకు ఏనాడూ పెట్టని పరీక్ష భార్యకు పెట్టారు.

ఆ నెలలోనే కరెంటు ఉయ్యాల ఊగింది. ఒక పూట పడిపోయేది, ఒక పూట ఎగిసేది. ఎగిసినప్పుడల్లా ఎక్కడో ఒక బల్బు టప్పుమని మాడేది. భర్త కాలంలోనూ మాడేవి. అప్పుడు తప్పు కరెంటుది. ఇప్పుడు తప్పు ఆమె చేతిది. "ఈవిడ చెయ్యి మంచిది కాదర్రా" అన్న మాట మూడో మేడలో పుట్టి, రెండు రోజుల్లో నాలుగు మేడలూ తిరిగి ఆమె గుమ్మంలోకి వచ్చింది.

ఆమెకు అప్పుడు తండ్రి మాట గుర్తుకొచ్చింది. ఆయన ఒక కర్మాగారంలో దీపాలు చూసుకునేవాడు. "బల్బు చిరకాలం బతకాలంటే దానికి సగం కడుపుకే తిండి పెట్టాలి" అనేవాడు. రెండు బల్బులను ఒకదాని తోకకు ఇంకొకటి కట్టినట్టు కలిపితే, వచ్చిన కరెంటు బలం రెండూ చెరి సగం పంచుకుంటాయి. మిణుకు మిణుకుమంటూ ఎర్రగా వెలుగుతాయి గాని ఏళ్ళ తరబడి మాడవు. ఒక మధ్యాహ్నం వాకిలంతా కునుకు తీస్తున్నవేళ ఆమె మెయిన్ ఆపి, గోడల మీది పన్నెండు జంక్షన్ డబ్బాలూ తెరిచి, అతుకులు మార్చి, ఇరవై నాలుగు బల్బులనూ పన్నెండు జంటలు చేసింది.

వెలుగు మాత్రం పదో వంతుకు పడిపోయింది. "వోల్టేజి తక్కువగా ఉందండీ" అంది అడిగినవాళ్ళతో. వాళ్ళు నమ్మారు. నెల గడిచింది, రెండో నెల గడిచింది, ఏడాది గడిచింది. ఒక్క బల్బు మాడలేదు. చెయ్యి మంచిది కాదన్న నోళ్ళే ఆ చేతికి మహిమ అంటగట్టాయి. జంటలో ఒక బల్బును కదిపితే రెండోది కూడా ఆరిపోతుంది గనుక, మెయిన్ ఆపందే ఆమె ఏ బల్బు మీదా చెయ్యి వేసేది కాదు. దానికీ మెచ్చుకున్నారు: "చూశారా, ఎంత జాగ్రత్తో!"

మనుషులు ఎంతటి గుడ్డి వెలుగుకైనా అలవాటు పడిపోతారు. బయటి మెట్లు పదకొండు. సందె తర్వాత అవి కనబడవు గనుక వాకిలివాళ్ళంతా ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెడుతూ దిగేవారు. అక్కడి పిల్లలు బజారులో ఏ మెట్లు దిగినా అలాగే అరిచి లెక్కపెట్టేవారు. దుకాణాలవాళ్ళు దాన్ని బట్టే వాళ్ళు ఏ వాకిలి పిల్లలో పోల్చుకునేవారు. కింది అంతస్తు వరండాలో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ అక్క తన చూపు మందగించిందనుకుని ముచ్చటగా మూడుసార్లు కళ్ళజోడు మార్చింది. కొత్త జోడు పెట్టుకుని, "ఇదీ పనికిరాలేదు పిన్నీ, నా కళ్ళకు పోయేకాలం వచ్చింది" అన్నప్పుడల్లా పిన్ని పరిస్థితి తేలు కుట్టిన దొంగలా ఉండేది. అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. చాలాసార్లు విప్పేద్దామనుకుంది. నిచ్చెన మీంచి దిగడం ఆమెకు బాగా తెలుసు. పేరు మీంచి ఎలా దిగాలో తెలియలేదు.

అలాంటి వాకిలిలోకి ఒక మధ్యాహ్నం దర్జీ అక్క కూతురు పరుగెత్తుకుంటూ వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, కరెంటు సామాన్ల షాపులో పని. చేతిలో ఒక చిన్న డబ్బా.

"పిన్నీ, ఏం చేస్తున్నా ఆపేసి ఇటు రా! ఎల్ఈడీ బల్బు. తొమ్మిదంటే తొమ్మిది వాట్లు!"

"తొమ్మిది వాట్లా? దాంతో చీమ కూడా చదువుకోలేదే."

"చీమ సంగతి తర్వాత. ముందు నీ గదిలో పెట్టి చూడు."

పిన్ని పాత బల్బు తీసి దాన్ని పెట్టి స్విచ్చు వేసింది. గది మొత్తం పాలు పోసి కడిగినట్టయింది! మూలన ఉన్న సాలెగూడు పోగు పోగుగా కనబడింది. తన గది గోడలకు నీలం రంగు వేయించిన సంగతి ఆమెకు అప్పుడు గాని గుర్తుకు రాలేదు. తన వాకిలి, తన ఇరవై నాలుగు దీపాలు ఇలా వెలిగితే! ఇలా వెలిగితే ఇంకేం కావాలి!

"బయటి బల్బులన్నీ ఇవే పెట్టేద్దాం పిన్నీ. కరెంటు ఖర్చు పిసరంత, వెలుగు పట్టపగలంత. నువ్వు ఊఁ అంటే చాలు. నీ మాట లేకుండా ఈ వాకిట్లో మిణుగురు పురుగు కూడా వెలగదు."

పిన్ని డబ్బాను అటూ ఇటూ తిప్పింది. "వోల్టేజి తక్కువైతే?"

"వంద నుంచి మూడు వందల దాకా ఎంతున్నా వెలుగుతుందట. అదిగో, డబ్బా మీదే రాశాడు."

పిన్ని మనసులో లెక్క చకచకా సాగింది. వచ్చేది రెండు వందల ముప్ఫై. జంట పంచుకుంటే ఒక్కోదానికి నూట పదిహేను. వందకు పైనే! అంటే డబ్బాలు తెరవక్కర్లేదు, అతుకులు విప్పక్కర్లేదు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. వెలుగుకు వెలుగు వస్తుంది, పేరుకు పేరు నిలుస్తుంది. ఆమె ఆ పిల్ల రెండు బుగ్గలూ గిల్లి, "పద మాస్టారి దగ్గరికి!" అంది.

మాస్టారు ఒప్పుకోవడానికి అరగంట కూడా పట్టలేదు. "మారిస్తే ఇరవై నాలుగూ ఒకేసారి మార్చాలి. సగం పాతవీ సగం కొత్తవీ పెడితే వాకిలి పులిచర్మంలా ఉంటుంది" అన్నారు.

"రేపే తెచ్చేస్తాను మాస్టారూ! నచ్చకపోతే వెనక్కి తీసుకుంటామని మా ఓనరును ఒప్పించాను. 'పూచీ నీదే, సరుకు ఎంచింది నువ్వే. తేడా వస్తే నీ మాట మీద ఇంకోసారి ఒక్క బల్బు కూడా బయటికి పోదు' అన్నాడు. ఫరవాలేదు, తేడా రాదు!"

మర్నాడు సాయంత్రం ఆ వాకిలిని చూడవలసింది! ఎవరూ ఇంట్లో లేరు. పిల్లలు ఖాళీ డబ్బాలతో గోపురం కట్టారు. మూడో మేడ తాతగారు ఏనాడూ దిగనివాడు కుర్చీతో సహా దిగాడు. పిన్ని మెయిన్ ఆపి, నిచ్చెనను గోడ గోడకూ మారుస్తూ, ఒక బల్బు తీసి ఇంకోటి పెట్టి, ఉడతలా ఎక్కి దిగుతూ ఉంటే, కింద షాపు పిల్ల ఒక్కో బల్బునూ తుడిచి అందిస్తూ ఎన్నో నంబరో అరిచింది. ఇరవై నాలుగు అనగానే చప్పట్లు మారుమోగాయి. వెలుతురు సన్నగిల్లింది. పిన్ని మీటరు గదిలోకి నడిచింది. పెళ్ళికి ముస్తాబైన పిల్లను పదిమందిలోకి తెస్తున్నంత సంబరంతో.

స్విచ్చు పైకి నెట్టింది.

ఇరవై నాలుగు బల్బులూ వెలిగాయి, ఆరాయి. మళ్ళీ వెలిగాయి, మళ్ళీ ఆరాయి. ఒక్కొక్క జంట ఒక్కొక్క తీరున టపటపలాడుతూ వాకిలివాళ్ళందరికీ కన్ను కొట్టసాగింది. అప్పుడు మూడో మేడ తాతగారు కుర్చీలోంచి అన్నాడు: "ఈ వయసులో నాకు కన్ను కొట్టేవాళ్ళు దొరుకుతారనుకోలేదర్రా!"

వాకిలి గొల్లుమంది. నవ్వు ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగా చిరాకుగా మారింది.

"ఆపండమ్మా, తల తిరుగుతోంది!" అని ఎవరో అరిచారు.

"ఏమ్మా షాపు పిల్లా, ఇదేనా పట్టపగలంత వెలుగు?" అన్నారు మాస్టారు. "ఇవి తీసుకుపో. పాత బల్బులే పెట్టించుకుంటాం. మసగ్గా ఉన్నా బుద్ధిగా వెలిగేవి."

షాపు పిల్ల ముఖం కత్తివేటుకు నెత్తురు చుక్క లేనట్టయింది. "నిన్న పిన్ని గదిలో బాగానే వెలిగింది మాస్టారూ! కావాలంటే అడగండి."

పిన్ని గదిలోది జంట లేని ఒంటి బల్బు, అది ఇప్పటికీ నిలకడగానే వెలుగుతోంది. ఎందుకో ఆ వాకిలి మొత్తంలో తెలిసింది ఒక్కరికే. డబ్బా మీది అంకె అబద్ధం కాదు. పాత బల్బుల్లా ఈ కొత్తవి ఉన్నదాన్ని చెరి సగం పంచుకునే రకం కాదు. ఒకటి ఎక్కువ లాగితే రెండోది ఆకలికి ఆరిపోతోంది, మరుక్షణం అది లాగితే ఇది ఆరిపోతోంది. ఆమె స్విచ్చు దించేసింది. చీకట్లో నిలబడి ఒక్క నిమిషం ఆలోచించింది. ఆమెకు బయటపడే దారి వెంటనే కనిపించింది, ఎంత తేలికైన దారి!

"మాస్టారూ, నాకు అరగంట ఇవ్వండి. ముందు ఒక్క జాగా సరిచేసి చూపిస్తాను" అంది బయటికి వచ్చి.

టార్చి పట్టుకుని దర్జీ అక్క వరండా పైనున్న జంక్షన్ డబ్బా తెరిచింది. ఇరవై ఆరేళ్ళ నాటి టేపు బంకలా వేళ్ళకు అంటుకుంది. పాత అతుకులు విప్పి, రెండు బల్బులకూ దేని దారి దానికి విడివిడిగా కలిపి, కొత్త టేపు చుట్టింది. కొత్త వైరు ఒక్క జానెడు కూడా అక్కర్లేకపోయింది. మిగతా పదకొండు జంటల బల్బులనూ ఊడదీయించి, మళ్ళీ స్విచ్చు వేయించింది.

ఆ రెండు బల్బులూ వెలిగాయి. వెలిగి, నిలిచాయి.

తెల్లని, నిండైన వెలుగు వరండా మీంచి పంపు దాకా, పంపు మీంచి మెట్ల దాకా పాకింది! పదకొండు మెట్లూ అంచులతో సహా కనబడ్డాయి. నాలుగో మెట్టు మీద ఎవరో ఏనాడో గీసిన గుర్రం బొమ్మ కనబడింది. ఒకరి ముఖాలు ఒకరికి ఇంత స్పష్టంగా సందెవేళ కనబడటం కొత్త గనుక వాకిలివాళ్ళు కాసేపు ఒకరినొకరు వింతగా చూసుకున్నారు. దర్జీ అక్క కళ్ళజోడు తీసింది, పెట్టుకుంది, మళ్ళీ తీసింది. సూది తెచ్చి, చేయి చాచి పట్టుకుని, ఒక్క విసురులో దారం ఎక్కించింది.

"ఓరి నాయనో! నా కళ్ళు బాగానే ఉన్నాయి!"

పిల్లలు గంతులు వేశారు. మాస్టారు రెండు చేతులూ ఎత్తేశారు.

"చూశారా! చూశారా మా పిన్ని చెయ్యి! చచ్చిన సరుకుకు ప్రాణం పోసింది! పనికిమాలిన బల్బు కూడా ఆవిడ చేతిలో పడితే వెలిగి తీరుతుంది. విన్నావా షాపు పిల్లా? ఈవిడ లేకపోతే నీ సరుకు చెత్తబుట్టలోకే. మీ ఓనరుతో చెప్పు, ఇలాంటివి ఇకమీదట మనుషుల ఇళ్ళకు పంపొద్దని."

ఆ పిల్ల నిచ్చెన దగ్గరికి వచ్చింది. కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నా మాట తడబడలేదు. "నిజమే పిన్నీ. నేనే సరిగ్గా చూసి ఎంచలేకపోయాను. నీ వైరింగులో తప్పుండే ప్రసక్తే లేదు కదా. రేపు ఓనరుకు అదే చెప్తాను, చెత్త సరుకు తెచ్చింది నేనేనని. నువ్వు కాపాడావు, లేకపోతే పరువు పోయేది."

పిన్ని అప్పటికి నిచ్చెన మధ్య మెట్టు మీద ఉంది. కింద నలభై ముఖాలు, ఒక్కొక్కటీ వెలుగులో మెరుస్తూ, ఆమె వైపే ఆనందంగా చూస్తున్నాయి. అవును, ఎంత బాగుంది! ఇంకో పదకొండు డబ్బాలు, ఇంకో పదకొండు మహిమలు. నోరు విప్పనక్కర్లేదు. రేపు పొద్దున ఆ పిల్ల తను చేయని తప్పును తన నోటితోనే ఒప్పుకుంటుంది, అంతే. నెల రోజుల పరీక్షలో, తనది కాని తప్పుకు తన చేతిని తిట్టినప్పుడు ఎలా ఉండిందో ఆమె మరిచిపోలేదు.

"ఆ మాట ఎవరికీ చెప్పకు" అంది పిన్ని. "మాస్టారూ, స్విచ్చు దించి ఆ పంపు దగ్గర జంటకు బల్బులు పెట్టించండి. పాతవే పెట్టండి. స్విచ్చు వేయండి. వేశారా?"

పంపు పైన రెండు పాత బల్బులు అగ్గిపుల్ల మొనల్లా ఎర్రగా వెలిగాయి. ఆమె నిచ్చెనను అక్కడికి మార్చి, చేతికి పొడిగుడ్డ చుట్టుకుని, మెయిన్ ఆపకుండానే ఎక్కి, ఒక్క బల్బును తీసింది.

రెండూ ఆరిపోయాయి.

"ఇదేమిటి?" అన్నారు మాస్టారు.

"నా చేతి మహిమ" అంది పిన్ని. "ఇరవై ఆరేళ్ళ కింద నేనే కలిపాను మాస్టారూ, ఇరవై నాలుగింటినీ జంటలుగా. మాడకుండా ఉండాలని సగం కరెంటే ఇచ్చాను. వోల్టేజి తక్కువన్నది అబద్ధం. కొత్త బల్బులు కన్ను కొట్టింది నా అతుకుల వల్ల. ఆ పిల్ల తెచ్చిన సరుకు మేలిమి సరుకు. ఇప్పుడు నేను చేసిందేమీ లేదు, నా తప్పును నేనే విప్పాను, అంతే."

మొదట లేచింది దర్జీ అక్క గొంతే.

"అయితే నా మూడు కళ్ళజోళ్ళూ?"

"నా పుణ్యమే అక్కా."

"పాపమను తల్లీ, పుణ్యమెందుకు! మూడుసార్లు కళ్ళ డాక్టరు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడే!" అంది దర్జీ అక్క. తిట్టబోయి, తన ప్రమేయం లేకుండానే కిసుక్కుమంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. అందరూ నవ్వలేదు. మెట్ల మీద జారి ఒకప్పుడు కాలు విరగ్గొట్టుకున్న రెండో మేడ కోడలు ముఖం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. పిన్ని ఆమె వెళ్ళిన గుమ్మం వైపు చాలాసేపు చూసింది.

మాస్టారు మాత్రం నిచ్చెన దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. "అయిందేదో అయింది. మిగతావి రేపు విప్పేసెయ్. ఈ మాట మన నాలుగు మేడలు దాటకూడదు. ఎంతమంది చుట్టాలకు చెప్పాను నేను! లెక్కల మాస్టారికి వెలుగు లెక్క తెలియలేదంటే పక్క వాకిలివాళ్ళు పడీ పడీ నవ్వుతారు. షాపువాడికి ఏదో సర్దిచెబుదాం, బల్బులు మొదట్లో కాస్త మొరాయించాయని."

"మొరాయించింది బల్బులు కాదు కదా మాస్టారూ."

"పిన్నీ, నీ పేరు కోసమే చెబుతున్నాను. ఒక్కసారి పోతే మళ్ళీ రాదు. రేపు సంఘం కూర్చుంటే నువ్వుండాలా వద్దా అని అడిగేవాళ్ళు కూడా ఉంటారు."

"అడగనివ్వండి. అడగవలసిన మాటే."

ఆమె నిచ్చెన దిగింది. షాపు పిల్ల ఎదురుగా నిలబడి ఉంది. ఏడవాలో నవ్వాలో తేల్చుకోలేని ముఖం. "నువ్వా పిన్నీ?" అంది చివరికి. "నాతో ఒక్క ముక్క చెబితే నిన్ననే విప్పేసేవాళ్ళం కదా! ఎంత తేలిక పని!"

"తేలికే. ఆ తేలిక పనికి నాకు ఇన్నేళ్ళు పట్టింది" అంది పిన్ని. "మీ షాపు ఎన్నింటికి తెరుస్తారు?"

"తొమ్మిదింటికి. ఎందుకు?"

"మాస్టారు సర్దిచెప్పనక్కర్లేదు, నువ్వు ఒప్పుకోనక్కర్లేదు. రేపు తొమ్మిదింటికి నేనే వచ్చి మీ ఓనరుకు చెబుతాను, తేడా ఎవరిదో."